రేగడినేలలో అష్టపాదులు

వైశాఖ జ్యేష్ఠ మాసముల యెండకు పర్చూరు పరిసరములలోని నల్లరేగడి బీటలువాఱి, నెఱ్ఱెలు మోకాలిలోతు దిగి, మిరపకట్టెయు పత్తికట్టెయు పీకివేసిన పొలము బోసిగా పడియున్న దినములలో, ఆ నెఱ్ఱెలలోను, గడ్డివాముల యడుగునను, గోడవారగా పేర్చిన యిటుకల సందులందును పగలెల్ల కదలక మెదలక యుండి, ప్రొద్దుగ్రుంకిన పిదప వేటకు వెలువడు తేలును ఎఱుగనివారుండరు. తొలకరి పడినవెంటనే నేలనుండి పైకి వచ్చి బాలురకు వినోదము గూర్చు ఎఱ్ఱని ఆరుద్ర పురుగును చూడనివారును అరుదు. ఎద్దు గంగడోలును, గేదె చెవిలోపలి మెత్తని చర్మమును పట్టుకొని రక్తము గ్రోలు పిడుదు, కంటికి కనబడకయే మిరపతోటకు ముడుత తెచ్చు నల్లి, ఇవి రైతునకు నిత్యపరిచితములు. ఐనను ఈ నాల్గింటిని ఒక్క వరుసలో నిలిపి, ఇవి పరస్పరము దాయాదులనియు, సాలెపురుగుతో వీనికి చుట్టఱికము గలదనియు, సీతాకోకచిలుకతోను శనగపచ్చ పురుగుతోను ఉన్నది దూరపు బంధుత్వమేననియు చెప్పినచో, రచ్చబండమీద కూర్చున్నవారు చప్పున నమ్మరు.

అందులకు వారిని తప్పుపట్టవలసిన పనిలేదు. పదునెనిమిదవ శతాబ్దిలో జీవరాశికెల్ల శాస్త్రీయముగా పేర్లుపెట్టిన లిన్నేయసు మహాశయుడే తేలును, పిడుదును, సాలెపురుగును ఱెక్కలులేని కీటకములలో చేర్చి విడిచెను. వానిని వేఱుపఱచి ప్రత్యేకవర్గముగా నిలిపినవాడు, ఆ శతాబ్ది ముగియు కాలమునకు, ఫ్రాన్సుదేశీయుడైన లామార్కు. కీటకమునకు తల, ఱొమ్ము, ఉదరమని మూడు భాగములును, ఆఱు కాళ్ళును, తలపై రెండు స్పర్శశృంగములును, చాలవానికి ఱెక్కలును గలవు. అష్టపాదుల యందన్ననో తలయు ఱొమ్మును కలిసి ఒక్కటే భాగమైయుండును, కాళ్ళు ఎనిమిది, స్పర్శశృంగములు లేవు, ఱెక్కలు లేనేలేవు, కీటకములకున్నట్టి దవడలును లేవు. నోటిముందర రెండు జతల ఉపాంగములు మాత్రముండి, మొదటి జత చీల్చుటకో గ్రుచ్చుటకో, రెండవ జత పట్టుకొనుటకో తడవి చూచుటకో, ఆయా జీవి జీవనమునకు తగినట్లు రూపుదిద్దుకొన్నది. దవడలు లేనందున ఘనాహారమును మ్రింగజాలక, జీర్ణరసమును ఎరపై కార్చి, కరగిన దానిని పీల్చుకొనుట వీనిలో మిక్కిలి సామాన్యము. సాలెపురుగు తన గూటివలన ప్రసిద్ధి కెక్కినదే గాని, ఈ వర్గమున నల్లులును పిడుదులును తక్కువవి కావు. ఇంతవఱకు వర్ణింపబడిన వాని జాతులే యేబదివేలకు మించియున్నవి. ఈ భేదమంతయు గ్రంథాలయములలో పరిష్కరించుకొనవలసిన తగవని తలచుటకు వీలులేదు. పురుగుమందు సీసా మూతతీయు రైతునకు దాని వెల రూపాయలలో తెలియుచున్నది.

ముందుగా తేలును చూతము. సుమతీ శతకకర్త తేలునకు విషము తోకయందుండునని చెప్పినది లోకవ్యవహారమునకు చక్కగా సరిపోయినను, శారీరశాస్త్రజ్ఞుడు దానిని తోకయని ఒప్పుకొనడు. అది ఉదరమే. ఉదరముయొక్క ముందుభాగము వెడల్పైన యేడు ఖండములతో నుండి, వెనుకభాగము సన్నని యైదు ఖండములుగా సాగి పైకి వంగును. అన్నవాహిక దానిగుండ తుదివఱకు పోయి ఐదవ ఖండపు చివర మలద్వారముగా ముగియును. ఆ పిదపనే విషపు తిత్తియు, దానికొనను కొండియు. ముందర కనబడు డెక్కలు కాళ్ళు కావు, పైన చెప్పిన రెండవ జత ఉపాంగములే అట్లు పెరిగినవి. నడినెత్తిన రెండు కన్నులును, ప్రక్కల మఱికొన్ని చిన్నకన్నులును ఉన్నను, వాని చూపు స్వల్పము. చూపు తక్కువైన లోటును స్పర్శ తీర్చుచున్నది. కడుపుక్రింద రెండు దువ్వెనలవంటి అవయవములు నేలను రాచుకొనుచు, ఆ నేలమీద ఏ జీవి నడచిపోయినదో, ఆ జీవి ఆడుదో మగదో వాసనచేత తెలిసికొనును. కాళ్ళకొనలందలి సన్నని చీలికలు ఇసుకలోని అదురును పసిగట్టును. అమెరికాలోని మొజావీ యెడారి తేలుపై 1970లలో ఫిలిప్ బ్రౌనెల్ అను శాస్త్రజ్ఞుడు చేసిన పరీక్షలలో, ఎనిమిది కాళ్ళలో ఏ కాలికి అదురు ముందు తగిలినదో, ఏ కాలికి తరువాత తగిలినదో, ఆ క్షణాంశముల భేదమునుబట్టి ఆ తేలు ఎరయున్న దిక్కును నిర్ణయించుకొనుచున్నదని తేలినది. కడుపుక్రింద నాలుగు జతల రంధ్రములును, వాని లోపల పుటలు పుటలుగా నమరిన శ్వాసకోశములును గలవు. ఆ పుటల నడుమ పాఱు రక్తమునందు ఇనుమునకు మాఱు రాగి యుండుటచేత దాని వన్నె నీలము. నలుబదిమూడు కోట్ల యేండ్లనాటి శిలలలో దొరకిన తేళ్ళ యాకారము నేటి తేలునకు ఎంతయు భిన్నము కాదు.

ఆహారవిషయమున దీనివలె నోపికగలవి అరుదు. బొద్దింకయో, ఇలకోడియో చిక్కినప్పుడు కడుపునిండ తిని, ఆ పిదప నెలలతరబడి ఏమియు ముట్టకయే బ్రతుకగలదు. దాంపత్యమును విచిత్రమైనదే. మగతేలు ఆడుదాని డెక్కలను తన డెక్కలతో పట్టుకొని ముందునకు వెనుకకు నడిపించుచు, గంటలకొలది తిప్పి, గట్టినేల దొరకినచోట శుక్రకోశమును కాడతోసహా నిలిపి, ఆడుదానిని దానిమీదికి లాగును. పని తీరగానే తొలగిపోని మగతేలు ఒక్కొక్కప్పుడు దానికే యాహారమగును. తేలుపిల్లలు తల్లికడుపు చీల్చుకొని పుట్టుననియు, పుట్టగానే తల్లిని తినివేయుననియు పల్లెలలో చెప్పుకొనుట కలదు. ఇందులో సత్యము లేదు. తేలు గ్రుడ్లుపెట్టదు, నెలలకొలది గర్భము మోసి పిల్లలను కనును, తెల్లగా మెత్తగానున్న ఆ పిల్లలు తల్లి వీపునకెక్కి, మొదటి కుబుసము విడుచువఱకును, అనగా ఒకటి రెండు వారములు, అక్కడనే యుండును. ఆ తరువాత దిగి చెల్లాచెదరై, అయిదాఱు కుబుసములు విడిచి పెద్దవగుటకు ఏడాదియో, అంతకంటె ఎక్కువయో పట్టును. వీపుమీద పిల్లలను మోయుచున్న తల్లి చచ్చిపడియుండుటను చూచినవారెవ్వరో ఆ కథను కట్టియుందురు.

మన ప్రాంతమున రైతు తేళ్ళను రెండుగా విభజించును. నల్లగా, లావుపాటి డెక్కలతో జానెడు పొడవు పెరుగు మండ్రగబ్బ ఒకటి. వన్నె యెఱుపో గోధుమయో గలిగి, డెక్కలు సన్ననై తోక బలిసిన చిన్నతేలు వేఱొకటి. చూపునకు మండ్రగబ్బయే భయంకరము. ఐనను డెక్కబలముచే వేటాడు తేలునకు విషబలము తక్కువ, డెక్క సన్ననిదానికి విషబలము ఎక్కువ, అనునది లోకములోని చాల తేళ్ళకు వర్తించు సూత్రము. మండ్రగబ్బ కుట్టినచో మంట, వాపు. ఒక పూటతో తగ్గును. ఎఱ్ఱతేలు కుట్టినచో, ముఖ్యముగా బిడ్డలకు, చెమటలు పోసి, కాళ్ళుచేతులు చల్లబడి, గుండె దెబ్బతిని, ఊపిరితిత్తులలో నీరుచేరి ప్రాణముమీదికి వచ్చును. తేలుమంత్రమునకును, ఉత్తరేణి వేరునకును పల్లెలలో కలిగిన కీర్తికి కారణము, కుట్టినవానిలో హెచ్చుభాగము వాటంతట అవియే నయమగు కాట్లగుటయే యని నా యభిప్రాయము. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతమున వైద్యముచేయు హిమ్మత్‌రావ్ బవాస్కర్, ఎఱ్ఱతేలు కుట్టి వచ్చు రోగుల మంచము ప్రక్కన కూర్చుండి, ఆ విషము నాడీమండలమును రెచ్చగొట్టి రక్తనాళములను బిగియజేయు తీరును గమనించి, రక్తపోటునకు వాడు ప్రాజోసిన్ అను చవుకైన మాత్రను 1980లలో దీనికి ప్రయోగించెను. నూటికి ముప్పదికి తక్కువకాని మరణములు ఒకటి రెండింటికి దిగినవి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. తేలు కుట్టిన పిల్లవానిని మంత్రగానియొద్ద గంటలు కూర్చుండబెట్టక వెంటనే ఆసుపత్రికి చేర్చవలసిన కారణమిదియే.

రాత్రివేళ తేళ్ళను వెదకదలచినవారికి ప్రకృతియే యొక యుపాయమును సమకూర్చినది. అతినీలలోహిత కాంతి ప్రసరించు దీపమును త్రిప్పినచో, తేలు చర్మమునందలి కొన్ని ద్రవ్యములవలన దాని మేనంతయు ఆకుపచ్చగా వెలుగును. కుబుసము విడిచిన క్రొత్తలో ఆ వెలుగు ఉండదు. చర్మము గట్టిపడినకొలది వచ్చును. నోట్లు పరీక్షించుటకు అంగళ్ళలో నమ్ము చిన్నదీపమే దీనికి చాలును. అది తేలునకు ఏ ప్రయోజనము చేయుచున్నదో పండితులలో ఇంకను ఏకాభిప్రాయము లేదు. దీనికి తోకలేని చిన్నతమ్ముడొకడు పాతపుస్తకముల యట్టలలో నుండును. అతిసూక్ష్మమైన డెక్కలతో పుటలమధ్య తిరుగుచు కాగితము పాడుచేయు పురుగులను తినివేయు ఈ జీవిని అరిస్టాటిలు సయితము పుస్తకములలో చూచి పేర్కొనెను. పుస్తకప్రియులు దానిని చంపకుందురు గాక.

ఇక ఆరుద్ర పురుగు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో మంచివాన కురిసి తెఱపియిచ్చిన ఉదయమున, ఎఱ్ఱని దట్టపు నూగుతో మఖమలు ముక్కవలె కదలుచు కనబడు దీని బ్రతుకులో హెచ్చుభాగము భూగర్భముననే గడచును. వాన పడినపుడు చెదలు ఱెక్కలతో వెలువడుట, ఇది పైకి వచ్చుట రెండును ఒకేసారి జరుగుట యాదృచ్ఛికము కాదు. చెదలు దీనికి ఆహారము. దీని జీవితచరిత్రలోనే ఈ వర్గమునందలి నల్లులకెల్ల సామాన్యమైన ఒక విశేషము చూడవచ్చును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు కాళ్ళు ఆఱే. ఆ ఆఱుకాళ్ళ శైశవమున అది మిడుతవంటి కీటకముల మేనికి అంటుకొని వాని రసమును పీల్చి బ్రతుకును. ఆపై నేలకు రాలి, కుబుసము విడిచి, నాలుగవ జత కాళ్ళను పొంది, పరాన్నభుక్కుగా నుండిన యది వేటకారిగా మాఱును. చిన్ననాట కీటకముల నంటి పీల్చి, పెద్దయైనపుడు చెదలను, కీటకముల గ్రుడ్లను తిను ఈ జీవి పొలమున మిత్రుడే.

దీని దాయాది ఒకటి అట్టి మిత్రుడు కాదు. గడ్డిపొదలు, పొలముగట్లు, తుప్పలు ఉన్నచోట లెప్టోట్రాంబిడియము అను నల్లికూన, సహజముగా ఎలుకలను ఆశ్రయింపవలసినది, దారిన పోవు మనిషికి అంటును. ఇదియు ఆఱుకాళ్ళ కూన దశయందు మాత్రమే కుట్టును. పెద్దవైన యెనిమిదికాళ్ళ నల్లులు మనజోలికి రావు. ఆ కూన రక్తము త్రాగదు. చర్మమును కరగించి ఆ రసమును పీల్చును. అప్పుడు దానినుండి దేహమున ప్రవేశించు ఓరియెన్షియా అను సూక్ష్మజీవియే స్క్రబ్ టైఫస్ జ్వరమునకు హేతువు. ఆ సూక్ష్మజీవి తల్లినల్లి గ్రుడ్లలోనికే దిగుటచేత, ఎవరిని కుట్టని కూన సయితము పుట్టుకతోనే రోగవాహకము. చంకలోనో, గజ్జలలోనో, బట్టల మడతక్రిందనో నొప్పిలేని నల్లని పెచ్చుగట్టిన పుండొకటి ఈ జ్వరమునకు గుర్తు. వైద్యుడు వెదకినగాని రోగి దానిని చెప్పడు. సకాలమున గుర్తించినచో డాక్సీసైక్లిన్ వంటి సామాన్యౌషధముతో లొంగును. ఆలస్యమైనచో అంగాంగములును దెబ్బతినును.

పిడుదు కథ పశువుల కొట్టములోనిది. దీని ముక్కుననున్నది వెనుకకు వాలిన రంపపుపండ్లుగల బొడిపె. దానిని చర్మమున దింపి, చుట్టును జిగురుపోసి బిగించుకొని, దినములతరబడి రక్తము త్రాగును. ముందరి జత కాళ్ళకొనలను చిన్నగుంటలున్నవి. వానితోనే పశువు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, మేనివేడిమిని, వాసనను పసిగట్టి, గడ్డిపోచ కొననెక్కి కాళ్ళుచాచి కాచుకొనియుండును. మనప్రాంతపు పశువులకు పట్టు పిడుదులలో ఒక జాతి ఆఱుకాళ్ళ కూనగా ఒక పశువునెక్కి, ఆ పశువుమీదనే రెండు కుబుసములు విడిచి, మూడువారములలో పెద్దదై, ఆడుదైనచో వందరెట్లకు మించి ఉబ్బి, నేలకు రాలి, కొట్టపుగోడ పగుళ్ళలో రెండు మూడువేల గ్రుడ్లు పెట్టి చచ్చును. పీకిన పిడుదును నేలమీద పాఱవేయువాడు దానిని దాని పురిటింటికి చేర్చుచున్నాడన్నమాట. కిరసనాయిలు గిన్నెలో వేయవలెను, గోడపగుళ్ళు మెత్తవలెను. క్రిమికీటకములవలన రోగము వ్యాపించునని నిరూపించిన తొలి పరిశోధనలలో ప్రసిద్ధమైనది పిడుదుపైననే: 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనువారు టెక్సాసు పశుజ్వరమునకు ఇదియే వాహకమని తేల్చిరి, దోమ మలేరియాను మోయునని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనుగొనినది నాలుగేండ్ల తరువాతి మాట.

ఒంగోలు జాతిపశువుల పుట్టినిల్లు ఈ ప్రాంతమే. వానిని బ్రెజిలువారు ఓడలకెక్కించుకొనిపోయి, నెల్లూరి పేరును చెక్కుచెదరకుండ నెలోర్ అని నిలుపుకొని, నేడు తమ మందలలో ప్రధానజాతిగా పెంచుకొనుటకు కారణము వాని మూపుర సౌందర్యము కాదు. వేడిని తట్టుకొనుటయు, పిడుదుల నెదిరించుటయు. ఐరోపాజాతి పశువుల చర్మము పిడుదు కాటును సహించి ఊరకుండును; మన మూపురపు పశువుల చర్మము ఆ కాటునకు తీవ్రముగా ప్రతిక్రియ చూపి, దురద పుట్టించి, పశువుచేత నాకించి, పిడుదును రాల్చివేయును. పాలకై జెర్సీ, హోల్‌స్టీన్ సంకరములను తెచ్చినకొలది ఆ రక్షణ తగ్గి, వేఱొక పిడుదు మోయు థైలేరియా జ్వరము పెరిగినది. దానికి టీకా హైదరాబాదులోనే తయారగుచున్నది.

మిరపతోటకు వచ్చితిమి. పర్చూరు రైతునకు ముడుతలు రెండు: పైముడుత, క్రిందిముడుత. ఆకు అంచులు పైకి ముడుచుకొన్నచో తామరపురుగు పని; అది ఆఱుకాళ్ళ కీటకము; 2021లో గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపపూలలో చేరి పంటను తుడిచిపెట్టిన నల్లతామర పురుగును ఆ జాతిదే. ఆకు క్రిందికి ముడుచుకొని, తిరుగవేసిన పడవ యాకారమును పొంది, కాడ సాగి, చిగురు మొండియై నిలిచినచో అది తెల్లనల్లి పని, ఇది అష్టపాది. బాపట్ల వ్యవసాయ కళాశాలలోను లాం పరిశోధన క్షేత్రములోను చదువుకొన్నవారు చెప్పుటకు పూర్వమే ఈ రెండు ముడుతలను రైతు కంటితో విడదీసినాడు. ఇది చిన్నవిషయము కాదు. ఐనను రెంటికి ఒకే మందు కొట్టుట మాత్రము మానలేదు.

తెల్లనల్లి పొడవు మిల్లీమీటరులో అయిదవవంతు. భూతద్దమున చూచినచో, తెల్లని బొడిపెలు వరుసలుదీరిన దాని గ్రుడ్డు నల్లికంటెను ముందు కంటబడును. ఆడుదాని కడపటి జత కాళ్ళు నడకకు పనికిరాని సన్నని పోగులుగా మిగిలినవి. మగదానికి అవియే పట్టుకొను కొక్కెములు. ఆ కొక్కెములతో మగనల్లి, ఇంకను కదలలేని ముసుగు దశయందున్న ఆడుదానిని ఎత్తి, తన వీపునకు అడ్డముగా మోసికొనుచు, ముదురాకునుండి చిగురునకు చేర్చి, అది పెద్దది కాగానే జతగూడును. చిగురున చేరినదే చేటు: దాని లాలాజలము లేత కణములను వంకరపఱచును. గ్రుడ్డు మొదలు పెద్దదగువఱకు వెచ్చని కాలమున వారము దినములు చాలవు. తోటనుండి తోటకు గాలియు మోయును. తెల్లదోమ కాళ్ళను పట్టుకొనియు పోవును.

పత్తిమీది యెఱ్ఱనల్లి స్వభావము వేఱు. తెల్లనల్లికి తేమ యిష్టము. దీనికి ఎండయు దుమ్మును. ఆకు అడుగున సన్నని గూడల్లి, ఒక్కొక్క కణమునే గ్రుచ్చి పచ్చదనమును పీల్చి, ఆకును కంచువన్నెకు తెచ్చును. కందిచేనిలో ఇంతకంటె సూక్ష్మమైనది, వర్గధర్మమునే తప్పి నాలుగే కాళ్ళు గలది, ఒకటి కలదు. అది తాను చేయు హాని స్వల్పము. కాని గొడ్డుమోతు తెగులును అది మోయును, ఆ తెగులు సోకిన కంది ఆకులు వేయునేగాని పూతకు రాదు. దానివెనుకనున్న వైరసు రూపును పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులును వారి విదేశసహచరులును గుర్తించుటకు దశాబ్దములు పట్టినది.

కీటకములకై చేసిన మందులు చాలవఱకు నల్లిని చంపవు. దానిని తిని బ్రతుకు పరభక్షక నల్లులను, అక్షింతల పురుగులను, అల్లికఱెక్కల పురుగు పిల్లలను మాత్రము చంపును. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొట్టిన చేనిలో కొన్నాళ్ళకు నల్లి విజృంభించుట అన్ని దేశములవారును గమనించినదే. 1987-88లో ప్రకాశము, గుంటూరు జిల్లాల పత్తిరైతులను దివాలా తీయించి, ఆత్మహత్యలవఱకు త్రోసినవి తెల్లదోమ, శనగపచ్చ పురుగులేగాని నల్లి కాదు. కాని మందుమీద మందు కొట్టుచు మిత్రజీవులను చంపి శత్రువును పెంచుకొన్న విధానము ఒక్కటే. పిచికారీ చేసిన మఱునాడు ఆకు మీద పురుగు కనబడకుండుట రైతునకు ధైర్యమిచ్చును. ఆకు అడుగున మిగిలినది కనబడునది కాదు.

నల్లికి నల్లిమందే కావలెను. గంధకపు పొడిని నీట కలిపి కొట్టుట పాతపద్ధతియైనను నేటికిని పనిచేయును, మిట్టమధ్యాహ్నపు టెండలో కొట్టినచో ఆకు మాడును. డి.డి.టి.కి రసాయనసంబంధియగు డైకోఫాల్ నల్లులకు దశాబ్దములు వాడుకలోనుండి, 2023లో భారతప్రభుత్వముచే నిషిద్ధమైనది. తరువాతి కాలపు ప్రొపార్‌గైటు, స్పైరోమెసిఫెన్ మొదలగువానిని ఒక్కదానినే పదేపదే కొట్టినచో అవియు నిలువవు. అందులకు కారణము నల్లి సంతానవిధానముననే యున్నది. జతగూడని యాడునల్లి పెట్టు గ్రుడ్లన్నియు మగపిల్లలగును. జతగూడినది పెట్టువానిలో ఫలదీకరణ చెందినవి ఆడుపిల్లలగును. మగదానికి తల్లినుండి వచ్చిన ఒక్క వరుస క్రోమోసోములే యుండుటచేత, మందును తట్టుకొను గుణము దానియందు దాగియుండుటకు చోటులేదు. ఉన్నచో మొదటి తరముననే బయటపడి, మందు తగిలిననాడు అదియొక్కటే బ్రతికి మిగులును. జతలేకుండ కొట్టుకొనివచ్చిన ఒక్క యాడునల్లి, తాను కన్న కొడుకుతోనే జతగూడి, పదునైదు దినములు తిరుగకుండ క్రొత్త తోటలో కాపురము పెట్టగలదు.